బండి పూర్తయ్యేది ఎప్పుడు?

రాయపూరులో ఒక ఇంటి వెనుక రేకుల షెడ్డు. అందులో రెండేళ్ళపాటు తండ్రీ కొడుకులు తిరిగి కట్టుకున్న మోటారు సైకిలు. మెరుపు వేరు, పూర్తి కావడం వేరు అని ఆ బండే వారికి నేర్పింది.

2024 మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం. రాయపూరులో ఎండ అప్పటికే ముదురుతున్నది. మా ఇంటి వెనుక షెడ్డు తలుపులు బార్లా తెరచి, మా అబ్బాయి బండిని వాకిట్లోకి నెట్టుకొని వచ్చాడు. నల్లని ట్యాంకు మీది బంగారు గీతలు సంజవెలుగులో తళుక్కుమన్నాయి. పొరుగువారు గోడ మీదుగా తొంగి చూశారు. వీధిలో క్రికెట్టు ఆడుకుంటున్న పిల్లలు ఆట మాని చుట్టూ మూగారు. రెండేళ్ళుగా ఆ షెడ్డులోనుండి సుత్తి చప్పుళ్ళు తప్ప మరేమీ వినని వారందరికీ అదొక పండుగ అయింది.

“నాన్నా, తాళం ఇవ్వండి. తెలీబాంధా చెరువు దాకా వెళ్ళి వచ్చేస్తాను” అన్నాడు మావాడు.

“ఇవ్వను” అన్నాను.

“ఎందుకని? ఇంజను నడుస్తున్నది. రంగు అయింది. ఇంకేం మిగిలింది?”

షెడ్డు గోడకు వ్రేలాడుతున్న నోటు పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టాను. చేయవలసిన పనుల జాబితాలో ఇంకా 23 పంక్తుల ఎదుట టిక్కు పడలేదు. మావాడి ముఖం వాడిపోయింది. చూడవచ్చినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఇంట్లో భోజనాల వేళ ఎవరూ మాట్లాడలేదు.

నా మొండితనానికి మూలం మా నాన్నగారు. కనుక ఆయనతోనే ఈ కథ మొదలుపెట్టాలి.

నాన్నగారి బండి

విజయనగరం నుండి రాయపూరుకు రైలు మార్గం 1931లో పూర్తయింది. నాటి బెంగాల్-నాగపూర్ రైల్వేవారు వేసిన ఆ దారి వెంబడి ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు జీవనోపాధికై ఇటు తరలివచ్చాయి. 1959లో భిలాయిలో ఉక్కు కర్మాగారపు మొదటి కొలిమి వెలిగిన తరువాత ఆ రాకపోకలు మరింత పెరిగాయి. మా నాన్నగారు బొబ్బిలి ప్రాంతం నుండి వచ్చి, రాయపూరులోని రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారంలో ఉద్యోగంలో చేరారు.

1991లో ఆయన ఒక బుల్లెట్టు కొన్నారు. 346 సి.సి. ఇంజను, పోత ఇనుప సిలిండరు, కుడికాలితో మార్చే నాలుగు గేర్లు. ఇంగ్లండులో పుట్టిన ఈ బండిని మద్రాసులో తయారుచేయడానికి 1955లో ఏర్పాట్లు జరిగాయి. స్వస్థలంలో దాని ఉత్పత్తి ఆగిపోయిన తరువాత కూడా మన దేశంలో అది నిరాటంకంగా సాగింది. నాన్నగారు ప్రతి ఆదివారమూ దాన్ని తుడిచి, ఒక చిన్న సుత్తితో చక్రాల పుల్లలను ఒక్కొక్కటిగా తట్టి ధ్వని వినేవారు. రైలు పెట్టెల చక్రాలను తట్టి చూసే అలవాటు అది. బిగువు సడలిన పుల్ల మొద్దుగా పలుకుతుందని చెప్పేవారు.

ఆయన తరచు అనే మాట ఒకటి నాకు గుర్తుండిపోయింది: “రంగు వేసినంత మాత్రాన వ్యాగను సిద్ధమైనట్లు కాదు. బ్రేకు పరీక్ష అయినప్పుడే సిద్ధమైనట్లు.”

2004లో నాన్నగారు కాలం చేశారు. బండిని నా పేరుకు మార్పించుకున్నాను గాని, నడిపే మనసు రాలేదు. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు 2006లో ముగిసింది. దుమ్ము పట్టిన దుప్పటి క్రింద ఆ బండి 2022 వరకు అలాగే ఉండిపోయింది.

కల ఒకటి, చట్టం ఒకటి

దుప్పటి తొలగించింది మా అబ్బాయే. అప్పటికి అతడు ఇంజనీరింగు చదువు ముగించాడు. “దీన్ని కస్టమ్ బండిగా కడదాం నాన్నా” అన్నాడు.

కర్మాగారంలో తయారైన బండిని పూర్తిగా విప్పి, తన అభిరుచికి అనుగుణంగా మార్చి తిరిగి కట్టుకోవడమే కస్టమ్. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో ఇది వ్యాపించింది. యుద్ధం నుండి తిరిగివచ్చిన యువకులు బరువైన మడ్‌గార్డులను కోసివేసి, బండ్లను తేలిక చేసుకున్నారు. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ చలనచిత్రంతో, ముందు చక్రాన్ని చాచిపెట్టుకున్న పొడవాటి ఫోర్కుల బండి ప్రపంచమంతటా యువకుల కలలలోకి వచ్చింది. మావాడు గీసుకున్న బొమ్మ కూడా అటువంటిదే.

అయితే ఫోర్కు పొడిగించడం అలంకారం మాత్రమే కాదు. హేండిలు తిరిగే ఇరుసును నేల దాకా పొడిగించి గీత గీస్తే, ఆ గీత నేలను తాకే చోటుకూ, ముందు టైరు నేలను తాకే చోటుకూ మధ్య కొంత దూరం ఉంటుంది. బండి తిన్నగా పోవడం ఆ దూరం మీద ఆధారపడి ఉంటుంది. అది మరీ తగ్గితే వేగంలో హేండిలు వణుకుతుంది. మరీ పెరిగితే సందు మలుపులో బండి బరువెక్కి తిరగనని మొరాయిస్తుంది. ఫ్రేమును ఇంట్లో కోసి అతికితే, ఆ అతుకు మీద రెండు ప్రాణాలు ఆధారపడతాయి.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని గట్టిగా ధ్రువపరచింది. అదే ఏడాది సవరించిన చట్టం మేరకు, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్లను పలు నగరాలలో పోలీసులు రోడ్డు రోలరు క్రింద నలిపించిన సంగతి పత్రికలలో చూస్తూనే ఉన్నాము.

వారం రోజులు వాదించుకున్నాం. చివరకు మావాడే ఆ బొమ్మను మడిచి పక్కన పెట్టాడు. ఫ్రేము, ఫోర్కు, ఇంజను, బ్రేకులు, సైలెన్సరు కంపెనీ ఇచ్చినట్లే ఉండాలి. సీటు ఇద్దరిది ఇద్దరిదిగానే ఉండాలి. రంగు కూడా రిజిస్ట్రేషను పుస్తకంలో వ్రాసి ఉన్న నలుపే. ఇక మాకు మిగిలిందేమిటి? చేతిపని. చక్రాలకు పుల్లలు మేమే అల్లుకోవాలి. వైర్లన్నీ కొత్తగా మేమే పరచుకోవాలి. సీటుకు తోలు మేమే కుట్టించుకోవాలి. ప్రతి బోల్టూ మా చేతి మీదుగానే బిగియాలి.

“అయితే ఇది కస్టమ్ ఎలా అవుతుంది?” అని మావాడు మొదట నిట్టూర్చాడు. ఆ ప్రశ్నకు జవాబు చివరకు తానే కనుగొన్నాడు.

షెడ్డులో రెండేళ్ళు

ఇంటి వర్క్‌షాపు అంటే గొప్పగా ఊహించుకోనక్కరలేదు. పన్నెండడుగుల రేకుల షెడ్డు. ఒక పాత తలుపును పడుకోబెట్టి చేసిన బల్ల. దానికి బిగించిన వైసు. ఇంజను ఎత్తడానికి దూలానికి కట్టిన చైన్ పుల్లీ. విప్పిన నట్టులను పచ్చడి సీసాలలో వేసి, ఏ భాగానివో చీటీలు అంటించాం. మా ఆవిడ ఇంట్లో ఖాళీ సీసా అన్నది మిగలలేదని అనేక పర్యాయాలు ఫిర్యాదు చేసింది.

ఇటువంటి పనికి రాయపూరు అనువైన ఊరు. చుట్టుప్రక్కలంతా ఇనుము, ఉక్కు పరిశ్రమలే. లేతు మీద పని తెలిసినవారు వీధి వీధికీ ఉన్నారు. లేతును ఇక్కడ ఖరాద్ అంటారు. మా సిలిండరును సానపట్టిన వృద్ధ మిస్త్రీ పని మొదలుపెట్టే ముందు, పిస్టను తెస్తేగాని సిలిండరు ముట్టనన్నాడు. పిస్టను కొలతను బట్టి సిలిండరును తొలవాలిగాని, సిలిండరు తొలచి పిస్టను వెదకరాదు. ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్క మాకు ఒక ఇంజను ఖర్చు మిగిల్చింది.

ఊరి అనుకూలత ఒకటైతే ప్రతికూలత మరొకటి. వేసవిలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో రంగు చల్లితే, తుంపర లోహాన్ని చేరేలోపునే థిన్నరు ఆవిరైపోతుంది. ఉపరితలం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. పైగా గాలిలో నల్లటి ధూళి. తెల్లవారుజామున లేచి, నేలంతా నీళ్ళతో తడిపి, తడిపిన దుప్పట్లు తలుపులకు వ్రేలాడదీసి, సూర్యోదయానికి ముందే రంగు చల్లేవాళ్ళం. ట్యాంకును మూడుసార్లు గీకి మళ్ళీ వేశాం. బంగారు గీతలను మాత్రం మావాడు కుంచెతో చేతనే గీశాడు. మద్రాసు కర్మాగారంలో కూడా ఈ గీతలను ఎంతోకాలంగా ఇద్దరు సోదరులు చేతితోనే గీస్తూ వచ్చారని చదివినప్పటి నుండి అతనికి అదొక పట్టుదల.

చాలామంది చేసే పొరపాటు మేము ఒకటి తప్పించుకున్నాం. రంగు వేయకముందే బండినంతటినీ ఒకసారి వట్టి లోహంతో కట్టి చూశాం. మడ్‌గార్డు టైరుకు తగులుతున్నదా, హేండిలు పూర్తిగా తిప్పితే వైరు లాగుతున్నదా, సీటు క్రింద బ్యాటరీ ఇముడుతున్నదా అని పరిశీలించి, మళ్ళీ విప్పి రంగుకు పంపాం. రంగు వేసిన తరువాత రంధ్రం తొలచడం కంటె దుఃఖకరమైన పని మరొకటి లేదు.

తప్పించుకోలేని పొరపాటు కూడా ఒకటి ఉన్నది.

ప్రాణం పోసుకున్న ఉదయం

నేను తాళం ఇవ్వనన్న ఆదివారం ఉదయమే ఇంజను మొదటిసారి పలికింది. అంతకు ముందు మూడు రోజులు అది మమ్మల్ని ఏడిపించింది.

ఈ ఇంజనుకు ప్రాణం పోయడం ఒక విద్య. మొదట రాకర్లకు నూనె తీసుకుపోయే గొట్టపు బిగింపు కాస్త సడలించి, కిక్కరును నెమ్మదిగా త్రొక్కుతూ, అక్కడ నూనె చుక్క కనిపించే దాకా వేచి ఉండాలి. నూనె అందని ఇంజనును నడిపితే, చేసిన పనంతా నిమిషాలలో అరిగిపోతుంది. తరువాత హెడ్‌లైటు పక్కనున్న అమ్మీటరు ముల్లును చూస్తూ కిక్కరును త్రొక్కాలి. కాంటాక్టు పాయింట్లు విడివడగానే ముల్లు మధ్యకు వస్తుంది. అప్పుడు డీకంప్రెషను మీట నొక్కి, పిస్టనును శిఖరం దాటించి, మీట విడిచి, ఒక్క ఊపున త్రొక్కాలి.

మా ముల్లు కదలనే లేదు. బ్యాటరీ మంచిదే. వైర్లు కొత్తవే. ఒకరి పని మీద ఒకరికి అనుమానం వచ్చి, మాటా మాటా పెరిగింది. మూడవ రోజు రాత్రి దీపం పట్టుకుని వెదుకుతుంటే కారణం దొరికింది. బ్యాటరీ ఎర్తు వైరును ఫ్రేముకు బిగించే చోట పౌడర్ కోటింగు పొర దట్టంగా పరచుకొని ఉన్నది. విద్యుత్తుకు తిరుగుదారి మూసుకుపోయింది. మేము ముచ్చటపడి చేయించిన నునుపే మాకు అడ్డు నిలిచింది. రూపాయి బిళ్ళంత మేర ఆ పొర గీకి, లోహం తేల్చి బిగించగానే ముల్లు ఊగింది.

మర్నాడు ఉదయం నాలుగవ త్రొక్కుకు ఇంజను అందుకున్నది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ చప్పుడు విని, మా ఆవిడ వంటింట్లోనుండి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. “మామయ్యగారు డ్యూటీ నుండి వచ్చినట్లున్నది” అన్నది.

అటువంటి ఉదయం గడిచిన సాయంత్రమే నేను తాళం ఇవ్వనన్నాను. మావాడికి కోపం రావడంలో ఆశ్చర్యమేమున్నది?

పూర్తి చేయడమనే విద్య

ఆ రాత్రి నిద్రపట్టక, ఇంటి షెడ్డులో బండ్లు కట్టి లోకప్రసిద్ధులైన ఇద్దరిని తలచుకున్నాను. ఇద్దరూ న్యూజిలాండు దేశస్థులే.

1899లో జన్మించిన బర్ట్ మన్రో 1920లో ‘ఇండియన్’ అనే అమెరికా కంపెనీ బండిని కొన్నాడు. కొన్ననాడు దాని గరిష్ఠ వేగం గంటకు 88 కిలోమీటర్లు. జీవితమంతా ఆ బండిని ఇంటి షెడ్డులో మార్చుకుంటూ వచ్చాడు. పాత డబ్బాలలో లోహం పోసి పిస్టన్లు తానే తయారుచేసుకున్నాడు. పగిలిన భాగాలను పారవేయక అల్మరాలో వరుసగా పేర్చి, అవి వేగదేవతకు సమర్పించిన నైవేద్యాలని వ్రాసుకున్నాడు. 1967లో, తన 68వ ఏట, అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో ఆ బండితోనే గంటకు సుమారు 296 కిలోమీటర్ల వేగంతో తన తరగతిలో రికార్డు స్థాపించాడు. నలభై ఏడేళ్ళలో అతడు బండి పూర్తయిందని ఏనాడూ అనుకోలేదు.

రెండవవాడు జాన్ బ్రిటెన్. క్రైస్ట్‌చర్చిలో తన ఇంటివద్దనే, కొద్దిమంది మిత్రుల సాయంతో, ప్రపంచంలోని పెద్ద కంపెనీలను ఎదుర్కొన్న పందెపు బండిని సృష్టించాడు. 1992లో అమెరికాలోని డేటోనా పందేనికి ముందు, సిలిండరులో కనిపించిన పగులును రాత్రికి రాత్రి వెల్డింగుతో అతికించుకొని బరిలోకి దిగారు. ఆ అతుకు నిలిచింది. విజయం చేతికందబోతున్న వేళ విద్యుత్ వ్యవస్థలోని ఒక చిన్న భాగం చెడిపోయి బండి ఆగిపోయింది. తరువాతి కాలంలో ఆ బండి అనేక విజయాలు సాధించింది. బ్రిటెన్ మాత్రం 1995లో, 45వ ఏట కేన్సరుతో మరణించాడు.

ఇంజను తయారుచేయగల మేధావిని అంగడిలో దొరికే చిన్న భాగం ఓడించింది. పెద్ద పనులను అందరూ శ్రద్ధగానే చేస్తారు. అవి భయపెడతాయి గనుక శ్రద్ధ తనంతట తానే వస్తుంది. ప్రమాదమంతా చిన్న పనులలో, అదీ చివరి దినాలలో ఉన్నది. అప్పటికి చేతులు అలసి ఉంటాయి. కళ్ళు మెరుపు చూసి మురిసి ఉంటాయి. మనసు అప్పుడే రోడ్డు మీద పరుగెత్తుతూ ఉంటుంది.

మర్నాడు ఉదయం ఇదంతా మావాడికి చెప్పాను. అతడు మారు మాట్లాడక నోటు పుస్తకం తీసుకున్నాడు.

ఇరవై మూడు పనులు

మూడు వారాలు పట్టింది. ఆ పనులలో ఒక్కటీ పైకి కనిపించేది కాదు. టార్క్ రెంచితో ప్రతి ముఖ్యమైన బోల్టును కొలత ప్రకారం బిగించి, నట్టు మీదుగా తెల్లరంగుతో సన్నని గీత గీశాం. నట్టు సడలితే గీత విరిగి కనబడుతుంది. రాయిలా గట్టిపడిన పాత టైర్లు తీసి కొత్తవి వేశాం. హేండిలును ఈ చివరి నుండి ఆ చివరికి తిప్పుతూ ఏ వైరూ, కేబులూ నలగడం లేదని చూశాం. పుల్లలన్నిటినీ తాతగారి సుత్తితో తట్టి విన్నాం. ఇంజను వేడెక్కి చల్లారిన తరువాత సిలిండరు హెడ్డు నట్టులను మళ్ళీ సరిచూశాం.

చివరి రోజున నేనే బండి ఎక్కాను. పెరటిలోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, బ్రేకు సరిచూసి, ఆ తరువాత వీధిలోకి వెళ్ళాలని నా ఆలోచన. జాబితాలో 23 టిక్కులూ పడ్డాయి. వెనుక బ్రేకు ఎదుట టిక్కు పెట్టింది నేనే.

“ఒక్క నిమిషం నాన్నా” అంటూ మావాడు నేలమీద వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగులో బండి క్రింద చూడసాగాడు. చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

“దిగండి.”

వెనుక బ్రేకు పెడలుకూ రాడ్డుకూ మధ్య ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను జారిపోకుండా దాని చివర చిన్న స్ప్లిట్ పిన్ను దూర్చి, కాళ్ళు విడదీసి వంచాలి. పిన్ను ఉన్నది. స్ప్లిట్ పిన్ను లేదు. రాడ్డును సరిచేసేటప్పుడు తీసి, పచ్చడి సీసాలో వేసి, తిరిగి పెట్టడం మరచింది నేనే. చూడకుండానే టిక్కు పెట్టిందీ నేనే. పెరటిలో రెండు చుట్లు తిరిగినా ఏమీ అయ్యేది కాదేమో! జి.ఇ. రోడ్డు మీద ఏదో ఒక కూడలిలో, ఎదుట లారీ ఆగినప్పుడు, ఆ పిన్ను జారి ఉండేది.

దాని వెల ఒక్క రూపాయి ఉండదు.

“తాళం ఇటివ్వండి. మొదటినుండి అన్నీ మళ్ళీ చూద్దాం. ఈసారి మీరు చేసినవి నేను చూస్తాను, నేను చేసినవి మీరు చూడండి” అన్నాడు మావాడు.

తాళం ఇచ్చేశాను. నా కాళ్ళలో వణుకు ఆగడానికి కొంత సమయం పట్టింది. అయితే అదే నిమిషంలో నా గుండె మీది బరువొకటి దిగిపోయింది. ఇన్నాళ్ళూ బండి పూర్తి కాలేదని నేను భయపడ్డాను. నా తప్పును నేను కాక మరొకరు పట్టుకోగలిగిన ఆ క్షణాన అది పూర్తయిందని తోచింది.

ఆ తరువాత రవాణా కార్యాలయంలో తనిఖీ జరిగింది. అధికారి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూసి, దీపాలు, హారను, బ్రేకులు పరీక్షించి, రిజిస్ట్రేషనును మరి అయిదేళ్ళకు పొడిగించాడు. బీమా, పొగ పరీక్ష పత్రాలు కూడా చేతికి వచ్చిన మర్నాటి తెల్లవారుజామున, హెల్మెట్లు ధరించి, మావాడు ముందు, నేను వెనుక కూర్చుని బయలుదేరాం. తెలీబాంధా చెరువు గట్టున బండి నిలిపి, టీ త్రాగాం.

అక్కడ ఒక యువకుడు బండి చుట్టూ తిరిగి చూసి, “ఇందులో ఏమేం మార్పించారు?” అని హిందీలో అడిగాడు.

మావాడు కాస్త ఆలోచించి, “బండిని ఏమీ మార్చలేదు. అదే మమ్మల్ని మార్చింది” అన్నాడు.

తిరిగి ఇంటికి వచ్చిన తరువాత, బండి చల్లారేదాకా ఆగి, అతడు తాతగారి సుత్తి తీసుకుని చక్రాల పుల్లలను ఒక్కొక్కటిగా తట్టసాగాడు. నేను గుమ్మంలో కూర్చుని వింటూ ఉన్నాను. ఒక్కటీ మొద్దుగా పలకలేదు.